క్షయ చిరునామా ఎలా మారింది

2023లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 8 లక్షల మంది క్షయ జబ్బున పడ్డారని, 12.5 లక్షల మంది దానితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ రోగుల్లో 26 శాతం ఒక్క భారతదేశంలోనే ఉన్నారు. లక్ష జనాభాకు ఏడాదిలో కొత్తగా జబ్బు పడేవారు భారతదేశంలో 195 మంది, అమెరికాలో ముగ్గురు. ఈ అంకెలు చూస్తే క్షయ వేడి దేశాల జబ్బనీ, పేద దేశాల్లో పుట్టి అక్కడే ఉండిపోయిన జబ్బనీ అనిపిస్తుంది. ఇదే పట్టిక 1830లో వేసి ఉంటే పై వరసలో లండన్, పారిస్, మాంచెస్టర్, న్యూయార్క్ కనిపించేవి. ఆనాటి ప్రపంచంలో డబ్బు పోగవుతున్న నగరాలే క్షయకు కూడా నెలవులు. ఆ తరవాత నూట యాభై ఏళ్లలో ఆ నగరాలు దాన్ని దాదాపు వదిలించుకున్నాయి. అదే కాలంలో మరో సగం ప్రపంచంలో అది వేళ్లూనింది. రెండు పరిణామాలకూ కారణాలు చాలావరకు ఒకటే.

క్షయ నిదానంగా పనిచేసే జబ్బు. రోగి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరల్లో సూక్ష్మజీవి గాలిలో కలుస్తుంది. గాలీ వెలుతురూ రాని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటుంది. పీల్చిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి ఈ సూక్ష్మజీవి ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుందని అంచనా. వాళ్లలో జీవితకాలం మొత్తంమీద జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పదిమంది. మిగిలినవాళ్ల శరీరం దాన్ని ఒక మూల కట్టడి చేసి ఉంచుతుంది. ఆ కట్టడి సడలితే ఇరవై ముప్ఫై ఏళ్ల తరవాతైనా జబ్బు బయటపడవచ్చు. చాలీచాలని తిండి, మధుమేహం, తాగుడు, పొగ, రాతిధూళి, హెచ్‌ఐవీ దాన్ని సడలించేవాటిలో ముఖ్యమైనవి. ఇరుకు గదులు సూక్ష్మజీవిని పంచిపెడతాయి, ఒంట్లో బలం తగ్గితే అది జబ్బుగా మారుతుంది. ఒక దేశంలో క్షయ పెరిగినా తగ్గినా ఈ రెండు మెట్లలో ఏది కదిలిందో వెతకవలసి ఉంటుంది.

జబ్బు మాత్రం చాలా పాతది. ఈజిప్టు మమ్మీల వెన్నెముకల్లో దాని ఆనవాళ్లు దొరికాయి. పెరూలో తవ్వి తీసిన వెయ్యేళ్లనాటి అస్థిపంజరాల్లోని సూక్ష్మజీవి సీల్ జంతువులకు సోకే రకానికి దగ్గరిదని 2014లో జన్యు పరీక్షల్లో తేలింది. అంటే కొలంబస్ ఓడల కంటే ముందే అది అమెరికా ఖండంలో ఉంది. చరక సంహిత రాజయక్ష్మకు ఒక అధ్యాయాన్నే కేటాయించింది. దక్షుడి కూతుళ్లను పెళ్లాడి రోహిణి ఒక్కతె దగ్గరే ఉండిపోయిన చంద్రుడు మామ ఆగ్రహంతో క్షీణించిన కథ అక్కడ కనిపిస్తుంది. కథను పక్కన పెడితే, ఆ గ్రంథం చెప్పే నాలుగు కారణాల్లో శక్తికి మించిన శ్రమ ఒకటి, ధాతువుల క్షీణత ఒకటి, వేళాపాళా లేని తిండి ఒకటి. సూక్ష్మజీవి సంగతి తెలియని కాలానికి ఇది మంచి పరిశీలనే.

అయితే లక్షల మందిని ఒక్కసారిగా పట్టుకునే జబ్బుగా క్షయ ఎదిగింది పరిశ్రమల యుగంలో. 18వ శతాబ్ది చివరి నుంచి పల్లెల్లో భూమి పోయినవాళ్లు మిల్లులున్న ఊళ్లకు వచ్చి పడ్డారు. ఒక గదిలో ఒక కుటుంబం, కొన్నిచోట్ల రెండు కుటుంబాలు, కిటికీ లేని గోడలు, రోజుకు పన్నెండు పద్నాలుగు గంటల పని, రొట్టె టీలతో సరిపెట్టుకునే కడుపులు. పశ్చిమ యూరప్ నగరాల్లో ఒక దశలో ప్రతి నాలుగు చావుల్లో ఒకటి క్షయవల్లనేనని చరిత్రకారులు లెక్క కట్టారు. పారిస్‌లో లూయీ రెనే విలెర్మే అనే వైద్యుడు 1820లలో నగరంలోని ఒక్కో పేట చావుల లెక్క తీసి, గాలి, నీరు, ఎత్తుపల్లాలు వేటితోనూ అది పొంతన కుదరడం లేదనీ, పేట ఎంత పేదదైతే చావులు అంత ఎక్కువగా ఉన్నాయనీ చూపాడు. ధనిక, పేద తేడాను అంకెల్లో పెట్టిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

జబ్బు పెద్దిళ్లనూ వదల్లేదు. స్టెతస్కోపును కనిపెట్టిన లెనెక్ 1826లో క్షయతోనే పోయాడు. కవి జాన్ కీట్స్ 1821లో 25 ఏళ్లకు, నవలాకారిణి ఎమిలీ బ్రాంటీ 1848లో 30 ఏళ్లకు, ఆమె చెల్లెలు ఆన్ మరుసటి ఏడాది, రష్యన్ రచయిత చెహోవ్ 1904లో 44 ఏళ్లకు చనిపోయారు. పాలిపోయిన ముఖం, మెరిసే కళ్లు, చేతిరుమాలు మీద ఎర్రని మరక నవలల్లో, ఒపేరాల్లో ఒక సొగసుగా మారాయి. చనిపోయినవాళ్లలో పేర్లు మిగిలింది వీళ్లవే కాబట్టి క్షయను కళాకారుల జబ్బుగా తలచడం చాలాకాలం సాగింది. మిల్లు కూలీల చావులు మునిసిపాలిటీ రిజిస్టర్లలో అంకెలుగా ఉండిపోయాయి.

క్షయ వంశపారంపర్యంగా వస్తుందా, అంటుతుందా అన్నది అప్పటికి తేలలేదు. 1865లో ఫ్రెంచి సైనిక వైద్యుడు విల్మాఁ కుందేళ్లకు దాన్ని ఎక్కించి అంటుజబ్బేనని చూపినా ఎక్కువమంది నమ్మలేదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్ ఆ సూక్ష్మజీవిని రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూపించాక వాదన ముగిసింది. మనుషుల చావుల్లో ఏడో వంతు క్షయవల్లనేననీ, పనిచేసే వయసువాళ్లను మాత్రమే తీసుకుంటే అది మూడో వంతుకు చేరుతుందనీ ఆ ఉపన్యాసంలోనే ఆయన అన్నాడు. 1890లో ట్యూబర్క్యులిన్ అనే మందు కనిపెట్టానని ప్రకటించాడు కానీ అది ఎవరికీ నయం చేయలేదు. సోకిందో లేదో తెలుసుకునే చర్మపరీక్షగా మాత్రం నిలబడింది.

మందు లేని కాలంలో డబ్బున్న దేశాలు చేసిన ఏర్పాటు శానిటోరియం. 1850లలో హెర్మన్ బ్రేమర్ సైలీషియా కొండల్లో మొదటిదాన్ని పెట్టాడు. తరవాత స్విట్జర్లాండ్‌లో డావోస్, అమెరికాలో సారనాక్ లేక్ పేరు తెచ్చుకున్నాయి. చల్లని గాలి, నెలల తరబడి పడక, రోజుకు ఐదారుసార్లు పాలు, గుడ్లు, మాంసం అక్కడి వైద్యం. మొదట అది కలవారి విడిది. 1890ల నుంచి జర్మనీలో కార్మికుల బీమా సంస్థలు తమ సభ్యుల కోసం శానిటోరియాలు కట్టించడం మొదలుపెట్టాయి. పనిచేసే వయసులో మంచం పట్టిన కార్మికుడికి పింఛను ఇవ్వడం కంటే అది చౌక అని వాటి లెక్క. న్యూయార్క్ నగరం 1896లో బహిరంగ స్థలాల్లో ఉమ్మివేయడాన్ని నిషేధించింది, రోగుల పేర్లు నమోదు చేయమని వైద్యులను ఒత్తిడి చేసింది. డెన్మార్క్‌లో ఒక తపాలా ఉద్యోగి ఆలోచనతో 1904లో మొదలైన క్రిస్మస్ బిళ్లల అమ్మకం అనేక దేశాల్లో క్షయ నివారణకు నిధి కూర్చింది.

వీటన్నిటికంటే వింతైన సంగతి మరొకటి. ఇంగ్లండ్, వేల్స్‌లో చావుల కారణాలు నమోదు చేయడం మొదలైన 1838 ప్రాంతంలో ఊపిరితిత్తుల క్షయతో ఏడాదికి లక్షమందిలో దాదాపు 400 మంది చనిపోయేవారు. ఆ మరణాల గీత అప్పటి నుంచి దిగుతూనే వచ్చింది. పనిచేసే మొదటి మందు 1940లలో వచ్చేసరికి తగ్గుదలలో అత్యధిక భాగం అప్పటికే జరిగిపోయింది. బర్మింగ్‌హామ్ ఆచార్యుడు థామస్ మెక్యూన్ 1950ల నుంచి 1970ల దాకా ఈ గీతను చూపి, ఘనత వైద్యులది కాదు, మెరుగైన తిండిదని వాదించాడు. 1988లో సైమన్ ష్రెటర్ అనే చరిత్రకారుడు దీన్ని తప్పుపట్టి, పురపాలక సంఘాలు, గృహ చట్టాలు, ప్రజారోగ్య అధికారుల పోరాటాలు చేసిన పనిని మెక్యూన్ చిన్నచూపు చూశాడన్నాడు. ఇద్దరి మధ్య తగవు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. తిండి, ఇల్లు, కూలి రేటు, ఆవుపాలను కాచి అమ్మడం, రోగులను వేరుగా ఉంచడం అన్నీ ఒకే కాలంలో మారాయి కాబట్టి దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. అయితే ఇద్దరూ ఒప్పుకున్న విషయం ఒకటుంది: ఆ దేశాలు మాత్ర వేసుకోకముందే చాలా దూరం నడిచేశాయి. తరవాతి కాలంలో పేద దేశాలకు మాత్ర మాత్రమే పంపినప్పుడు ఈ సంగతిని చాలామంది మరిచారు.

యూరప్‌లో గీత దిగుతున్న రోజుల్లోనే అది మరికొన్ని చోట్ల పైకి ఎగబాకింది. దక్షిణాఫ్రికా బంగారు గనులు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడ్డాక ఇంగ్లండ్ కార్న్‌వాల్ ప్రాంతం నుంచి తెల్ల గనికార్మికులు వచ్చారు. మొజాంబిక్, బసూటోలాండ్ (నేటి లెసోతో), ట్రాన్స్‌కై పల్లెల నుంచి నల్లవారిని కొన్ని నెలల ఒప్పందం మీద తెచ్చి, ఆవరణల్లో, ఒకే గదిలో పదుల సంఖ్యలో పడుకోబెట్టారు. క్వార్ట్జ్ రాయిని పొడిగా తొలిచినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది, అలాంటి ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుంది. తెల్ల కార్మికులు వందల్లో చనిపోయాక వారి సంఘాల ఒత్తిడితో 1911 నుంచి పరిహార చట్టాలు వచ్చాయి, ఎక్స్‌రే పరీక్షలు వచ్చాయి. నల్ల కార్మికుడికి జబ్బు కనిపిస్తే, నామమాత్రపు పరిహారంతోనో అదీ లేకుండానో రైలెక్కించి ఊరికి పంపేవారు. గని దస్తావేజుల్లో చావుల సంఖ్య ఆ మేరకు తక్కువగా కనిపించేది. చావు మాత్రం కొండ పల్లెలో, భార్యాపిల్లలు పడుకునే గుడిసెలో జరిగేది.

రాండాల్ ప్యాకర్డ్ అనే చరిత్రకారుడు 1989లో ప్రచురించిన పుస్తకంలో ఈ రాకపోకలనే జాడ పట్టాడు. నల్లవారి శరీరానికి క్షయను తట్టుకునే శక్తి పుట్టుకతోనే లేదని గని వైద్యులు దశాబ్దాల పాటు చెప్పిన మాట గని యజమానులకు ఎంత అక్కరకొచ్చిందో కూడా ఆయన చూపాడు. జాతిదే లోపమైతే గదుల్లో మంచాలు తగ్గించనక్కరలేదు, కూలి పెంచనక్కరలేదు. 1990లలో హెచ్‌ఐవీ వచ్చేసరికి దక్షిణాఫ్రికా, లెసోతో, ఎస్వాతిని గ్రామాల్లో తరాలుగా నిద్రాణంగా ఉన్న క్షయ ఒక్కసారిగా లేచింది. లోకంలో అత్యధిక రేట్లున్న దేశాల్లో అవీ చేరాయి. సిలికోసిస్ అనే రాతిధూళి జబ్బు, క్షయ సోకిన మాజీ గనికార్మికులకు కంపెనీలు పరిహారం చెల్లించే 500 కోట్ల రాండ్ల ఒప్పందాన్ని జొహన్నెస్‌బర్గ్ హైకోర్టు 2019లో ఆమోదించింది. అప్పటికి మొదటి పరిహార చట్టానికి నూరేళ్లు దాటాయి.

సంపన్న దేశాల లోపలా ఇలాంటి గీతలే ఉన్నాయి. కెనడా నగరాల్లో క్షయ తగ్గుముఖం పట్టిన 1950లలో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల్లో అది విజృంభించింది. సి.డి.హౌ అనే ప్రభుత్వ ఓడ తీరం వెంట తిరుగుతూ ఓడలోనే ఎక్స్‌రే తీసేది. మచ్చ కనిపించినవాళ్లను చాలాసార్లు ఒడ్డుకు దిగి వీడ్కోలు చెప్పుకోనివ్వకుండానే దక్షిణాది ఆసుపత్రులకు తీసుకుపోయేది. 1956 నాటికి ఇన్యూట్ జనాభాలో ఏడుగురిలో ఒకరు అక్కడి శానిటోరియాల్లో ఉన్నారు. చనిపోయినవారిలో చాలామందిని ఎక్కడ పూడ్చారో ఇళ్లవాళ్లకు తెలియలేదు. 2019లో కెనడా ప్రధాని ఇందుకు క్షమాపణ చెప్పారు. ఇళ్ల కొరత తీరని ఆ ప్రాంతంలో జబ్బు ఇప్పటికీ పోలేదు.

భారతదేశంలో క్షయ పాతదే అయినా, పెద్ద సమస్యగా అధికారుల కంట పడింది 20వ శతాబ్దం మొదట్లో. ఆర్థర్ లాంకెస్టర్ దేశమంతా తిరిగి 1920లో ప్రచురించిన నివేదికలో రైళ్లు, మిల్లులు, ఇరుకు బస్తీలు జబ్బును పల్లెలకు ఎలా చేరవేస్తున్నాయో రాశాడు. ఘోషాలో, వెలుతురు చొరని గదుల్లో ఉండే స్త్రీలలో ఇది ఎక్కువన్న సంగతినీ నొక్కి చెప్పాడు. వైద్యం మాత్రం మిషనరీల, దాతల చేతుల్లోనే ఉండేది. అజ్మీర్ దగ్గర తిలోనియాలో 1906లో, సిమ్లా దగ్గర ధరంపూర్‌లో 1909లో శానిటోరియాలు వెలిశాయి. తెలుగునేల మీద మదనపల్లె దగ్గర, పొడి గాలి వీచే చోట, కొన్ని మిషన్లు కలిసి 1915లో తెరిచిన శానిటోరియం ఊరికే ఆరోగ్యవరం అన్న పేరు తెచ్చింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోడ్ట్ మోలర్ దాన్ని తీర్చిదిద్దాడు. తరవాత అక్కడే పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వతంత్ర భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. నిజాం రాజ్యంలో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల మీద మరొకటి ఉండేది.

వీటి పేరు ఎంత పెద్దదైనా లెక్క ముందు నిలవలేదు. 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ దేశంలో 25 లక్షల మంది క్షయ రోగులున్నారనీ, ఏటా 5 లక్షల మంది చనిపోతున్నారనీ, పడకలు మాత్రం 6,000 ఉన్నాయనీ అంచనా వేసింది. యూరప్ పద్ధతిలో శానిటోరియాలు కట్టుకుంటూ పోతే ఎన్ని తరాలైనా చాలదని ఆ అంకెలే చెబుతాయి.

ఇంతలో మందులు వచ్చాయి. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ వేరుచేశాడు. యుద్ధానంతర బ్రిటన్‌కు దొరికింది కొంచెమే. రోగులందరికీ సరిపోదు కాబట్టి చీట్లు వేసినట్టు కొందరికే ఇచ్చి మిగతావారితో పోల్చారు. 107 మందితో జరిగి 1948లో ప్రచురితమైన ఆ అధ్యయనం ఆధునిక మందుల పరీక్షలకు ఒరవడి అయింది. పలుకుబడి ఉన్న రచయిత జార్జ్ ఆర్వెల్ అదే ఏడాది అమెరికా నుంచి మందు తెప్పించుకోగలిగాడు, కానీ అది ఒంటికి పడలేదు. 1950 జనవరిలో చనిపోయాడు. ఒక్క మందు వాడితే సూక్ష్మజీవి కొన్ని నెలల్లో దానికి లొంగకుండా పోతుందనీ, రెండు మూడు కలిపి వాడాలనీ త్వరలోనే తెలిసింది. స్వీడన్ నుంచి పాస్ అనే మందు, 1952లో చవకైన ఐసోనియాజిడ్ మాత్ర తోడయ్యాయి. పదేళ్లలో పశ్చిమ దేశాల శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, కొన్ని హోటళ్లయ్యాయి.

పడకలు లేని దేశంలో ఈ మందులను ఇంటికే ఇస్తే పనిచేస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేట్‌పట్‌లో ఒక కేంద్రం తెరిచాయి. బ్రిటన్ నుంచి వచ్చిన వాలెస్ ఫాక్స్ దాన్ని నడిపాడు. నగరంలోని పేద రోగులు 193 మందిని చీటీల పద్ధతిలో రెండుగా విభజించారు. ఒక సగం ఏడాదిపాటు శానిటోరియంలో, మరో సగం ఇంట్లో. రెండు వర్గాలకూ ఇచ్చినవి అవే మాత్రలు. శానిటోరియం రోగులకు పడక, నర్సులు, పాలు, గుడ్లు. ఇంట్లో ఉన్నవాళ్లు అదే ఇరుకు గదిలో, పిల్లల పక్కన, దొరికింది తింటూ, చాలామంది పనికి వెళుతూ మందు వేసుకున్నారు. ఆరోగ్య సందర్శకులు చెప్పకుండా వచ్చి మాత్రలు లెక్కపెట్టేవారు, మందు ఒంట్లో చేరిందో లేదో మూత్ర పరీక్షతో తేల్చేవారు.

ఏడాది తరవాత శానిటోరియం రోగుల్లో 92 శాతం, ఇంటి రోగుల్లో 86 శాతం తెమడలో సూక్ష్మజీవి కనపడని స్థితికి వచ్చారు. శానిటోరియం వాళ్ల బరువు ఎక్కువ పెరిగింది, చెప్పుకోదగ్గ తేడా అంతే. ఇంట్లో రోగితో కలిసి ఉన్నవాళ్లకు అదనంగా ముప్పు కలగలేదని తరవాతి పరిశీలనలో తేలింది. వైద్యం మొదలైన కొద్దికాలానికే రోగి ఇతరులకు అంటించడం తగ్గిపోతుంది, అంటవలసిన మేరకు అంతకుముందే అంటి ఉంటుంది. 1959లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాక శానిటోరియం సిద్ధాంతానికి శాస్త్రబలం లేకుండా పోయింది. పేద దేశపు కొరత నుంచి పుట్టిన ఈ పద్ధతిని సంపన్న దేశాలూ తీసుకున్నాయి. వారానికి రెండుసార్లు, ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మందు మింగించే ప్రయోగం కూడా 1960లలో మద్రాసులోనే జరిగింది.

అయితే ఆ ఫలితాన్ని లోకం కాస్త ఎక్కువగానే సాగదీసింది. మందు సరిగా వేసుకుంటే మంచి తిండి లేకున్నా రోగి కోలుకుంటాడని మద్రాసు చూపింది. తిండి లేకపోతే కొత్తగా ఎంతమంది రోగులవుతారన్నది దాని ప్రశ్నే కాదు. కానీ ఆ తరవాత నలభై యాభై ఏళ్ల పాటు క్షయ కార్యక్రమాల్లో తిండి ఊసు దాదాపు వినపడలేదు.

1959లో బెంగళూరులో నెలకొన్న జాతీయ క్షయ సంస్థ మరో పాత నమ్మకాన్ని చెరిపింది. పల్లెవాళ్లకు జబ్బంటే పట్టదు, ఆసుపత్రికి రారు అనుకునేవారు. తుమకూరు జిల్లా పల్లెల్లో రోగుల ఇళ్లకే వెళ్లి అడిగిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్‌లు 1963లో చెప్పింది వేరు. సగానికి పైగా రోగులు అప్పటికే ఏదో ఒక ప్రభుత్వ వైద్యశాల గడప తొక్కారు, అక్కడ వాళ్ల చేతికి దగ్గు మందు సీసా ఇచ్చి పంపారు. అప్పటికే 1962లో మొదలైన జాతీయ కార్యక్రమం కూడా వేరే ఆసుపత్రులు కట్టకుండా ఉన్న వైద్యశాలల్లోనే తెమడ పరీక్ష, మాత్రలు పెట్టాలని సంకల్పించింది. ఆలోచన బాగున్నా, చాలా జిల్లాల్లో మందుల సరఫరా తెగిపోయేది, సగంలో మానేసినవాళ్లను వెతికే మనుషులుండేవారు కారు.

టీకా కథ పొట్టిది. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాఁ పదమూడేళ్లు శ్రమించి తయారుచేసిన బీసీజీని 1921లో మొదట ఒక శిశువుకు ఇచ్చారు. 1948 తరవాత భారతదేశంలో అది ఊరూరా వేస్తుంటే రాజాజీ 1955లో గట్టిగా వ్యతిరేకించారు. 1968లో మద్రాసు పక్కన చెంగల్పట్టులో రెండు లక్షలకు పైగా జనం మీద పెద్ద పరీక్ష మొదలైంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని 1979లో వెలువడిన ఫలితం. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయను అడ్డుకుంటుంది కాబట్టి పుట్టిన బిడ్డకు ఇప్పటికీ వేస్తున్నారు.

1970ల నాటికి సంపన్న దేశాల్లో క్షయ వార్తల్లోంచే తప్పుకుంది. అమెరికా ప్రభుత్వం ప్రత్యేక నిధులు ఆపేసింది, కొత్త మందుల పరిశోధన దాదాపు నిలిచిపోయింది. కొనగలిగినవాళ్లకు జబ్బు లేదు, జబ్బున్నవాళ్లకు కొనే శక్తి లేదు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం మొదట చెల్లించిన సంపన్న నగరం న్యూయార్క్. ఇళ్లు లేనివాళ్లు, జైళ్లు, ఎయిడ్స్, మూతపడ్డ క్లినిక్‌లు కలిసి 1992లో అక్కడ 3,800కు పైగా కేసులు తెచ్చాయి, అందులో చాలా మందులకు లొంగని రకాలున్నాయి. నగరం పెద్ద ఎత్తున ఖర్చు పెట్టి కొన్నేళ్లలో అదుపు చేసింది. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయను ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. టాంజానియాలో కారెల్ స్టిబ్లో రూపొందించిన పద్ధతిని డాట్స్ పేరుతో దేశదేశాలకు పంపింది: తెమడ పరీక్ష, కళ్లెదుట మందు, ప్రతి రోగికీ ఫలితం నమోదు. భారతదేశం 1997లో దాన్ని చేపట్టి 2006 నాటికి అన్ని జిల్లాలకూ విస్తరించింది. ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి వెళ్లే రోగులను ప్రభుత్వ మందులతో కలిపే ప్రయోగాల్లో హైదరాబాద్ మహావీర్ ఆసుపత్రి 1995లోనే మొదలుపెట్టినది తొలివాటిలో ఒకటి.

డాట్స్ మందులకు జబ్బు లొంగనివాళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్నకు మొదట వచ్చిన జవాబు కఠినమైనది: పేద దేశాలు అంత ఖరీదైన వైద్యం భరించలేవు. న్యూయార్క్‌లో అదే రోగికి అదే వైద్యం ఎవరూ వద్దనలేదు. పెరూ రాజధాని లిమా ఉత్తర శివారు మురికివాడ కరబాయోలో వైద్యుడు పాల్ ఫార్మర్ బృందం 1990ల రెండో భాగంలో ఆ రోగులకు ఇళ్ల దగ్గరే వైద్యం చేసి, మంచి ఆసుపత్రులకు తీసిపోని ఫలితాలు సాధించింది. దేశాలన్నీ కలిసి మందులు కొనడం మొదలయ్యాక కొన్నిటి ధర 90 శాతానికి పైగా పడిపోయింది. నలభై ఏళ్ల తరవాత వచ్చిన కొత్త రకం మందు బెడాక్విలిన్ 2012 చివర ఆమోదం పొందింది. దాని పేటెంట్‌ను పొడిగించాలన్న కంపెనీ దరఖాస్తును భారత పేటెంట్ కార్యాలయం 2023 మార్చిలో తిరస్కరించింది. దానికి అభ్యంతరం తెలిపినవారిలో క్షయను జయించిన ఇద్దరు మహిళలున్నారు, ఒకరు భారతీయురాలు, ఒకరు దక్షిణాఫ్రికా వాసి.

మెక్యూన్ లేవనెత్తిన తిండి ప్రశ్న చివరికి జార్ఖండ్‌లో పరీక్షకు నిలబడింది. 2019 నుంచి 2022 దాకా నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులకు మందుతోపాటు నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. అందులో బియ్యం, శనగపొడి, పాలపొడి, నూనె ఉన్నాయి. సగం ఇళ్లలో రోగికే ఇచ్చి, మిగతా సగం ఇళ్లలో కుటుంబసభ్యులకూ తలా ఇంత బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. పదివేలకు పైగా ఉన్న ఆ కుటుంబసభ్యుల్లో, సరుకులు అందినవాళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని, ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం తగ్గిందని 2023లో ఫలితాలు వచ్చాయి. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ నడిపిన ఈ అధ్యయనంలో రోగుల్లో చాలామంది వైద్యం మొదలైనప్పటికి పోషకాహార లోపంతో ఉన్నారు. తొలి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్లలో చావులు బాగా తగ్గాయి. భారత ప్రభుత్వం 2018 నుంచి రోగికి నెలకు ఇస్తున్న 500 రూపాయల పోషణ సాయాన్ని 2024 నవంబరులో 1,000కి పెంచింది. దాతలు ఇచ్చే సరుకుల పొట్లాలను రోగి ఇంట్లోవాళ్లకూ అందించవచ్చని అదే ఏడాది నిర్ణయించింది.